పుస్తె కట్టిన తరువాతి గంట

పెళ్లికి ఫోటోగ్రాఫర్ చుట్టం కాదు, పంతులు కాదు, వంటవాడు అంతకన్నా కాదు. వంటవాడు రాకపోతే పెళ్లివాళ్లకు చెమటలు పడతాయి. మనం రాకపోతే ఎవరో ఒక బామ్మర్ది ఫోన్ తీసి నాలుగు ఫోటోలు కొడతాడు, పెళ్లి అయిపోతుంది. మా తాతల పెళ్లిళ్లు ఒక్క ఫోటో లేకుండానే అయ్యాయి. అయినా మేమందరం పుట్టాం.

ఈ చిన్న సంగతి తలకెక్కడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది. ఆ ముప్పై ఏళ్లూ జడ్చర్లలో ఒకే స్టూడియో తరఫున పెళ్లిళ్లు తీశాను. మోకాళ్లు అరిగాయి, కెమెరా పక్కన పెట్టాను. ఇప్పుడు కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇంటికి వచ్చి అడుగుతుంటారు: "శంకరన్నా, పెండ్లినాడు కపుల్ ఫోటోలకు టైమెంత వెట్టుకోవాలె? ఎప్పుడు వెట్టుకోవాలె?" ఏ లెన్సు కొనాలో ఫోన్‌లో వెతికితే దొరుకుతుంది. ఈ ప్రశ్నకు జవాబు మాత్రం నేనే చెప్పాలి. ఎందుకంటే అందులో నేను చేసిన పాపం ఒకటి ఉంది.

కోపంతోనే రాస్తున్నాను. మర్యాదగా రాద్దామని రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. కోపంలో సగం మా ఓనరు మీద, సగం నా మీద. కొసరు మీ మీద కూడా ఉంది.

ఆ గంట ఎట్లా పుట్టింది

వెనకటి రోజుల్లో జంట ఫోటో అంటే పెద్ద పనేం కాదు. తలంబ్రాలు అయ్యాక పందిరి గుంజ పక్కన ఇద్దరినీ నిలబెట్టి రెండు, మహా అయితే మూడు కొట్టేవాళ్లం. పెళ్లికొడుకు బిగుసుకుపోయేవాడు, పిల్ల నేల చూసేది. అంతే, వాళ్లు అన్నానికి పోయేవాళ్లు, మేమూ పోయేవాళ్లం.

తెలంగాణ వచ్చిన కొత్తలో మా దగ్గర పెళ్లిళ్ల తీరు మారింది. ఊరికో ఫంక్షన్ హాలు, పెళ్లికో డ్రోన్. మా ఓనరు హైదరాబాద్‌లో రెండు రోజుల క్లాసుకు పోయి, వస్తూ వస్తూ ఒక కాగితం తెచ్చాడు. దాన్ని టైం చీటీ అనేవాడు. పొద్దున నుంచి సాయంత్రం దాకా ఏ గంటలో ఏ ఫోటో తీయాలో అందులో గళ్లు కొట్టి ఉంది.

"శంకర్, జర ఇను," అన్నాడు. "పుస్తె కట్టెదాంక టైము పంతులుది. కట్టినంక గంట మనది. ఎవ్వడడిగినా ఇయ్యకు. పిల్ల తల్లి అడిగినా ఇయ్యకు."

నాకు ఆ మాట ఎంత నచ్చిందో ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది. అన్నేళ్లూ పంతులు "జరుగు, జరుగు" అంటే జరిగినవాణ్ణి. పెద్దమనుషులు మోచేతులతో నెడితే నవ్వినవాణ్ణి. అలాంటివాడి చేతికి పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఇద్దరూ గంటసేపు చిక్కారు. నేను చెయ్యెత్తమంటే ఎత్తుతారు, నవ్వమంటే నవ్వుతారు. నన్ను మేకను చేసి కూర్చోబెట్టిన చోటే పులినైనట్టు అనిపించింది.

ఆ గంట ఖాళీగా పడి ఉన్నది కాదు. అప్పటికే దానికి సొంతదారులున్నారు. అక్షింతలేసి బస్సు అందుకోవాల్సిన చుట్టాలు ఉన్నారు. గంజులు దించి మూతలు పెట్టి నిలబడ్డ వంటవాళ్లు ఉన్నారు. ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినని పిల్ల ఉంది. అందరికన్నా పెద్ద హక్కుదారు బువ్వ బంతి. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను: పుస్తె కట్టాక పిల్లనూ పిల్లగాణ్ణీ మధ్యలో కూర్చోబెట్టి, చుట్టూ రెండువైపుల దగ్గరి చుట్టాలు కూర్చుని, కలిసి మొదటి ముద్ద తింటారు. జంట వచ్చి కూర్చొని ముద్ద ముట్టేదాకా ఆ బంతిలో ఎవరూ తినరు. ఆకలేసినా తినరు. అది మర్యాద. మేం దొంగిలించిన గంట సరిగ్గా అదే.

దొంగతనానికి ఒక పేరు పెట్టాం. "వెలుతురు కోసం" అనేవాళ్లం. మే నెలలో పాలమూరు ఎండ, మధ్యాహ్నం ఒంటిగంట. సూర్యుడు నడినెత్తిన ఉంటే కళ్ల కింద గుంటలు పడతాయి, మొహం మీద చెమట నూనెలా మెరుస్తుంది. కెమెరా పట్టడం వచ్చినవాడెవడూ ఆ వెలుతురును కోరుకోడు. ఆ టైంలో జంట దొరుకుతుంది కాబట్టి తీశాం. పెళ్లివాళ్లు నమ్మారు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అనలేదు.

ఒక పాస్టరు చెప్పినా వినలేదు

షాద్‌నగర్ దగ్గర ఒక క్రైస్తవుల పెళ్లి. ప్రార్థన అయిపోగానే నేను జంటను చర్చి వెనక తోటలోకి తీసుకుపోబోయాను. పాస్టరు ముసలాయన, సన్నటి మనిషి. గేటు దగ్గర నిలబడి చేతి గడియారం చూపించాడు.

"పావుగంట ఇస్తున్న బాబూ. పదహారో నిమిషానికి నేనే వచ్చి తీస్కపోత."

"సార్, గంట మాట్లాడుకున్నం," అన్నాను.

"నాతోని మాట్లాడుకోలె. నువ్వు తీసే ఫోటో ఇద్దరికి. ఆడ వడ్డించిన అన్నం ఊరందరికి. జనం ఎండల ఉన్నరు."

అన్నట్టే పదహారో నిమిషానికి వచ్చాడు, పిల్ల చెయ్యి పట్టుకొని తీసుకుపోయాడు. తిరిగి వస్తూ వ్యాన్‌లో నేను ఆయన నడకను అనుకరించి అందరినీ నవ్వించాను. ఆ పావుగంట ఫోటోలు నేను తీసినవాటిలో మంచివి. ఇద్దరి మొహాల మీద అలుపు లేదు. అది గమనించాను, గమనించి కూడా పట్టించుకోలేదు.

మంజుల పెళ్లి

ఇప్పుడు అసలు సంగతి. జడ్చర్ల నుంచి అరగంట దూరంలో ఒక ఊరు. పిల్ల పేరు మంజుల. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే మేనమామ యాదయ్య పెంచాడు. యాదయ్య ఏళ్లకేళ్లు బొంబాయి, పూనా వైపు వలసపోయి మట్టిపని చేసినవాడు. ఆయన పంపిన డబ్బుతోనే మంజుల మహబూబ్‌నగర్‌లో నర్సు కోర్సు చదివింది. పిల్లగాడిది హుజూర్‌నగర్ వైపు. దూరం కాబట్టి నాలుగింటికల్లా అప్పగింతలు చేసి బయలుదేరాలని, ఆ తర్వాత వర్జ్యం ఉందని వాళ్లు ముందే చెప్పారు.

పొద్దున నేను పందిట్లో లైట్లు బిగిస్తుంటే యాదయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు. కొత్త పంచె, మెడలో కండువా.

"ఏం ఫోటోగ్రాఫరూ, అన్నీ మంచిగ తియ్యి. గని ఒక్కటి చెప్త. అప్పగింతలప్పుడు నన్ను, బిడ్డను కలిపి తియ్యాలె. అక్కకు మాటిచ్చిన. పిల్లను మంచి ఇంట్ల వెడ్తనని. గా ఫోటో అక్క ఫోటో పక్కన వెట్టుకుంట."

"అగో, గదెంత పని మామా. ఫికర్ చెయ్యకు," అన్నాను.

ఆయన నన్ను అడిగింది ఆ ఒక్కటే. ఆ రోజు ఇంకెవరూ నన్ను నిజంగా ఏదీ అడగలేదు, అందరూ చీటీ ప్రకారం నడిచారు.

పుస్తె కట్టడం, తలంబ్రాలు అయ్యేసరికి ఒంటిగంట దాటింది. జంటను కారెక్కించాను. ఊరవతల గుట్ట ఉంది, పెద్ద పెద్ద బండలు ఒకదాని మీద ఒకటి నిలబడి ఉంటాయి. ఓనరు దాన్ని ముందే చూసి వచ్చాడు. కారెక్కేముందు మంజుల చేతిలోని ఫోన్ అడిగి తీసుకొని నా బ్యాగులో వేశాను. ఫోటోలో ఫోన్ కనిపిస్తే బాగుండదని.

గుట్ట మీద బండ కాలుతోంది. పిల్లగాడు మంచివాడు, చెప్పినట్టు వింటున్నాడు. పావుగంట అయ్యాక మంజుల అంది: "అన్నా, పోదామా? బువ్వ మీద మామ కూసొని ఉంటడు."

"పది నిమిషాలే చెల్లె."

ఇంకో పావుగంట. "అన్నా, మామకు షుగరున్నది. బంతి ఏసిన్రంటే సూదేసుకొని కూసుంటడు. తినకపోతే కష్టమైతది."

ఈ మాట నాకు స్పష్టంగా వినిపించింది. వినలేదని, అర్థం కాలేదని అబద్ధం చెప్పను. మా అమ్మకు కూడా షుగర్ ఉండేది, సూది వేసుకున్నాక అన్నం ఆలస్యమైతే ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసీ నేనన్న మాట ఇది: "పది నిమిషాలే. గదుమ జర పైకెత్తు."

బ్యాగులో ఫోన్ మోగింది. ఆపాను. మళ్లీ మోగింది. సౌండ్ తీసేశాను. డ్రోన్ పైకి లేచింది, ఇద్దరినీ చేతులు చాపి తిరగమన్నాను. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఆ పూట పిల్లిని నేనే.

బంతిలో

అక్కడ జరిగింది నేను చూడలేదు. తర్వాత యాదయ్య భార్య చెప్పగా విన్నాను.

ఆకులు వేశారు. జంట వచ్చేస్తోందని ఎవరో అన్నారు. యాదయ్య చాటుకుపోయి సూది వేసుకొని వచ్చి బంతిలో కూర్చున్నాడు. అరగంట అయింది. ఆయనకు చెమటలు పట్టాయి. భార్య ఒక లడ్డు తెచ్చి నోట్లో వేసుకోమంది.

"పిల్ల ముట్టకముందు నేను ముడ్తనానే? పదిమందిల పరువు తీస్తవా?" అని చెయ్యి నెట్టేశాడు.

ఇంకాసేపటికి మాట తడబడింది. ఏదేదో అంటున్నాడు. ఎదురుగా కూర్చున్న పిల్లగాడి తరఫు చుట్టాలు ఒకరినొకరు చూసుకొని నవ్వారు. "పిల్ల మామ పొద్దుగాల్నే ఏసినట్టున్నడు," అన్నారు. అటువైపువాళ్లే కాదు, ఇటువైపు పెద్దమనిషి ఒకాయన కూడా "పండనియ్యిన్రి, దిగినంక లేస్తడు" అన్నాడు. యాదయ్య జన్మలో కల్లు తప్ప ఇంకోటి ముట్టని మనిషి, ఆ రోజు అదీ ముట్టలేదు. కూలిపని చేసినవాడు తూలితే తాగి తూలాడనే అనుకుంటారు. అదే చొక్కా నలగని ఉద్యోగస్తుడు తూలి ఉంటే నలుగురు లేచి డాక్టర్ కోసం పరుగెత్తేవాళ్లు.

యాదయ్య దారివైపు చూస్తూ లేచాడు. "బిడ్డ వస్తాందా?" అన్నాడట. రెండడుగులు వేసి మెట్టు మీద పడ్డాడు. తుంటి ఎముక విరిగింది, స్పృహ పోయింది.

మా కారు తిరిగి వచ్చేసరికి ఆయన్ను ఆటోలో ఎక్కిస్తున్నారు. మంజుల పూలదండతోనే దూకి పరుగెత్తింది. నర్సు కదా, కంటిపాప చూసి, నాడి పట్టి, "చక్కెర! గ్లూకోజు! ఎవ్వరు వెట్టలేదా?" అని అరిచింది. చెంప లోపల చక్కెర రాసింది. ఆటో ఎక్కబోతుంటే ఆమెను నలుగురు పట్టుకున్నారు.

"కొత్త పెండ్లికూతురు పసుపు బట్టలతోని దవాఖాన తొక్కుతదా? అరిష్టం!"

పిల్లగాడు "నేను కూడ పోత, ఏంగాదు" అన్నాడు. వాళ్ల పెద్దలు అతన్నీ కూర్చోబెట్టారు. ఆటోలో యాదయ్య భార్య, ఒక పక్కింటాయన పోయారు. ప్రాణం పోసే చదువు చదివిన పిల్లను ఇంట్లో ఆపి, పక్కింటాయన్ను పంపారు. అరిష్టం అంటే ఇది కాకపోతే ఇంకేది?

ఆ గొడవలో నేనేం చేశానో కూడా చెప్పాలి. గడియారం చూసుకున్నాను. అప్పగింతలకు టైం అవుతోందని.

నాలుగింటికి అప్పగింతలు జరిగాయి. యాదయ్య కూర్చోవాల్సిన చోట ఆఫీసులో పనిచేసే ఒక దూరపు పెదనాన్నను కూర్చోబెట్టారు. పాలలో చేతులు ముంచి పిల్లను అప్పగించాడు. మంజుల ఏడ్చిన ఏడుపు నేను ముప్పై ఏళ్లలో వినలేదు. మామా మామా అని అరుస్తూనే ఉంది. నేను తీస్తూనే ఉన్నాను. ఆ రాత్రే ఫోటోలు చూసి మా ఓనరు అన్నాడు: "అబ్బ, ఏం ఎమోషన్ వచ్చిందిర శంకర్!"

అప్పుడు వాణ్ణి కొట్టి ఉంటే బాగుండేది. కొట్టలేదు. నవ్వాను కూడానేమో, గుర్తు లేదు.

ఇప్పుడు టైం సంగతి

యాదయ్య బతికాడు. సెలైన్ ఎక్కించాక అదే సాయంత్రం కళ్లు తెరిచాడు. తెరవగానే "అప్పగింతలు అయినయా?" అని అడిగాడట. తుంటికి ఆపరేషన్ అయింది, ఆ తర్వాత కర్ర లేకుండా నడవలేదు, పనికి పోలేదు.

కాబట్టి మీరడిగినదానికి జవాబు. జంట ఫోటోలకు పావుగంట చాలు. పావుగంటలో రానిది గంటలో రాదు, గంటలో వచ్చేది అలుపు మాత్రమే. అది కూడా బువ్వ తిన్నాకే. లేదంటే పొద్దున పిల్లగాడివాళ్లకు స్వాగతం చెప్పే ఎదురుకోళ్లకు ముందు తీసుకోండి, అప్పుడు ఎండ మెత్తగా ఉంటుంది, పిల్ల మొహం తాజాగా ఉంటుంది. ముందే చూసుకుంటే కీడని పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే, మర్నాడు పిల్లగాడి ఊళ్లో తీసుకోండి. పెళ్లినాడే తీయాలని ఏ శాస్త్రంలోనూ లేదు, అది మా ఓనరు కాగితంలో మాత్రమే ఉంది.

పందిరి దాటించి ఎక్కడికీ తీసుకుపోవద్దు. పిలిస్తే వినిపించే దూరంలో ఉండండి. పిల్ల ఫోన్ మీ బ్యాగులో వేసుకోకండి, ఈ ఒక్కటైనా నా కోసం గుర్తుంచుకోండి. బంతిలో ఎవరికైనా మందు, సూది ఉన్నాయా అని పెళ్లివాళ్లను ముందురోజే అడగండి. సిగ్గుపడకండి, అడ్వాన్స్ అడగడానికి సిగ్గుపడటం లేదు కదా. పిల్ల "పోదామన్నా" అంటే కెమెరా మూత పెట్టేయండి. ఆమె పెళ్లిలో ఆమె నోట ఆ ఒక్క మాటే సొంతంగా వస్తుంది. మిగతావన్నీ మనం అనిపించినవే.

నాకు తెలుసు, మీలో కొందరు ఇది చదివి "గయ్యన్నీ పాత ముచ్చట్లన్నా, ఇప్పుడు కస్టమర్లే రీల్స్ అడుగుతున్నరు" అంటారు. అడుగుతారు. నేర్పింది మనమే.

ఆల్బమ్

చివరిది చెప్పాలి. దీన్ని చెప్పకుండా పైన చెప్పినవన్నీ చెప్పే హక్కు నాకు లేదు.

ఆల్బమ్ తయారుచేసేటప్పుడు ఓనరు అన్నాడు, "అప్పగింతల పేజీల గా పెదనాయిన ఎందుకు? పొద్దున కన్యాదానం ఫోటోల మామ మొఖం ఉన్నది గదా, తీసి అతికిచ్చు. ఖుష్ అయితరు."

నేను కాదనలేదు. కాదనకపోవడమే కాదు, మనసు పెట్టి చేశాను. అట్లయినా నా మాట నిలబడుతుందనుకున్నాను. రెండు రోజులు కంప్యూటర్ ముందు కూర్చుని మొహం కోసి, మెడ దగ్గర రంగు కలిపి, నీడ సరిచేశాను. ఎంత దగ్గరగా చూసినా అతుకు కనిపించలేదు. నేనే స్వయంగా తీసుకుపోయి ఇస్తానని బయలుదేరాను.

మంజుల ఆ రోజు పుట్టింటివాళ్లు ఒడిలో పోసే ఒడిబియ్యానికి మేనమామ ఇంటికి వచ్చి ఉంది. యాదయ్య మంచం మీద దిండ్లకు ఆనుకొని కూర్చున్నాడు. నన్ను చూసి కోపం చేయలేదు, "రా, కూసో, చాయ్ తాగుతవా?" అన్నాడు. ఆల్బమ్ తీసి ఒళ్లో పెట్టాను. గుట్ట మీద ఫోటోలు వచ్చాయి, మంజుల చూడకుండా గబగబా తిప్పేసింది. అప్పగింతల పేజీ వచ్చింది.

"అగో, నువ్వే ఉన్నవ్ గదయ్యా!" అని ఆయన భార్య సంబరపడింది.

యాదయ్య చాలాసేపు చూశాడు. పేజీని వెలుతురు వైపు తిప్పి మళ్లీ చూశాడు. తర్వాత తన రెండు అరచేతులూ ఆ ఫోటో పక్కన పెట్టాడు. పార పట్టి పట్టి కాయలు కాసిన చేతులు, ఒక బొటనవేలికి గోరు లేదు. ఫోటోలో పిల్ల చేతిని పట్టుకున్న చేతులు తెల్లగా ఉన్నాయి, ఒక వేలికి రాయి ఉంగరం ఉంది.

"మొఖం నాదే," అన్నాడు. "చేతులు నాయి గావు."

మంజుల ఆల్బమ్ మూసి నా చేతుల్లో పెట్టింది. "తీస్కపో అన్నా. గిది మా ఇంట్ల ఉండద్దు," అంది.

అది ఇప్పుడు మా ఇంట్లో ఉంది. పని నేర్పమని ఎవరు వచ్చినా, ఏమీ చెప్పకుండా ముందు ఆ పేజీ తెరిచి ముందర పెడతాను. ఇప్పటిదాకా ఒక్కడూ ఆ చేతులు చూడలేదు. అందరూ ఒకటే మాట అంటారు: "మస్తు తీసినవన్నా."